పండు పేరు పుట్టుకను వెతకడం ఎలా: నారింజ వెంట ఒక నడక

అనంతపురం బస్టాండు బయట ఒక తోపుడుబండి దగ్గర ఆగి "బత్తాయిలు కిలో ఎంతండీ?" అని అడిగాను. బండి దగ్గరున్న పెద్దాయన నా ముఖం వంక ఒకసారి చూసి "చీనీకాయలా సార్, ఎన్ని గావాల?" అన్నాడు. మర్నాడు హైదరాబాదులో అదే పండును పిండి, మోసంబి జ్యూసు అని గ్లాసులో పోసి ఇచ్చారు. పండు ఒకటే, పేర్లు మూడు. ఆ మూడింటిలో ఒక్కటైనా మన నేల పేరు కాదు. బత్తాయి అన్న మాట డచ్చివారు 1619లో జావా దీవిలో స్థాపించిన బటావియా, అంటే ఇప్పటి జకార్తా, పేరు నుంచి వచ్చిందని చెబుతారు. చీనీ అంటే చైనాకు చెందినదని అర్థం. మోసంబి ఆఫ్రికా తూర్పు తీరంలోని మొజాంబిక్.

ఇలాంటి పేర్లను చూసి ఆశ్చర్యపోయి ఊరుకోకుండా, వాటి పుట్టుకను పద్ధతిగా వెతకాలనుకునే వారి కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. భాషాశాస్త్రంలో పట్టా ఉండనక్కరలేదు. ఒక నోటుపుస్తకం, రెండు మూడు మంచి నిఘంటువులు, నలుగురిని అడిగే ఓపిక, తొందరపడి తేల్చేయకుండా నిలవరించుకునే గుణం ఉంటే చాలు. పద్ధతిని విడిగా చెబితే పొడిపొడిగా ఉంటుంది కాబట్టి నారింజ అన్న పేరునే మొదటి నుంచి చివరి దాకా ఉదాహరణగా తీసుకుంటాను. ప్రపంచంలో ఇంత దూరం తిరిగిన పండు పేర్లు తక్కువ.

అన్నింటికంటే ముందు ఏ పండు గురించి వెతుకుతున్నారో నిర్ధారించుకోవాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. నారింజ జాతిలో కనీసం నాలుగు పండ్లను విడివిడిగా గుర్తుపెట్టుకోవాలి. ఒకటి పులుపూ చేదూ కలిసిన పుల్ల నారింజ, శాస్త్రనామం సిట్రస్ ఆరాన్షియం. రెండవది తీపి నారింజ, సిట్రస్ సైనెన్సిస్. మన బత్తాయి ఇందులోదే. మూడవది తొక్క వదులుగా ఊడివచ్చే కమలా, తెలంగాణలో సంత్రా అనేది, సిట్రస్ రెటిక్యులేటా. నాలుగవది పంపరపనస, సిట్రస్ మాక్సిమా. నోటుపుస్తకంలో ఒక్కొక్క దానికి ఒక్కొక్క పుట కేటాయించి, ఎక్కడైనా ఒక పేరు వినపడగానే అది ఈ నాలుగింటిలో దేనికి చెందుతుందో అడిగి తెలుసుకున్న తరువాతే రాసుకోవాలి.

ఎందుకింత పట్టుదల అంటే, పేరు ఒక పండు మీద నుంచి పక్క పండు మీదకు సులువుగా దూకుతుంది. కేరళలో హోటలుకు వెళ్ళి "నారంగా వెళ్ళం" అడిగితే వచ్చేది నిమ్మరసం. మలయాళంలో నారంగా అంటే పుల్లని నిమ్మజాతి కాయ ఏదైనా కావచ్చు. నిమ్మకాయ చెరునారంగా, తియ్యని నారింజ మధురనారంగా. ఇరాన్‌లో నారెంజ్ అంటే పుల్ల నారింజ, నారెంగీ అంటే కమలా, తీపి నారింజకు పొర్తెఖాల్ అని పూర్తిగా వేరే పేరు. నిఘంటువులో "నారింజ" అని ఒక్క అర్థం చూసి ముందుకు పోయినవారికి ఈ తేడాలు కనబడవు. అసలు కథ ఉన్నది ఈ తేడాల్లోనే.

తరువాతి పని పేర్లను పోగుచేయడం. అంతర్జాలంలోని విజ్ఞానసర్వస్వాల్లో ఒక పండు పుట తెరిస్తే, పక్కన పదుల కొద్దీ భాషల్లో దాని పేర్లు దొరుకుతాయి. మొదలుపెట్టడానికి అది మంచి చోటే గాని, అక్కడ ఉండేవి పాఠ్యపుస్తకాల పేర్లు. అంగట్లో పలికే పేర్లు కావు. తెలుగులోనే చూడండి, అలాంటి చోట బత్తాయికి చీనీ అన్న పేరు దొరక్కపోవచ్చు. అందుకని మనుషులను అడగాలి. మన ఊళ్ళ నుంచి గల్ఫ్ దేశాలకు పనికి వెళ్ళివచ్చినవారిని అడిగితే అక్కడ తీపి నారింజను బుర్తుకాల్ అంటారని వెంటనే చెబుతారు. పేరు రాసుకునేటప్పుడు చెప్పినవారు పలికినట్టే రాయాలి. దాన్ని మనకు తెలిసిన మాటకు దగ్గరగా దిద్దకూడదు. ఎవరు, ఏ ఊళ్ళో, ఏ పండును చూపించి ఆ మాట అన్నారన్నది పక్కనే రాసుకోవాలి.

తెలుగు పేర్లకు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1852లో అచ్చువేసిన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు ఇప్పటికీ పనికివస్తుంది, ఎందుకంటే ఆయన పుస్తకాల్లోని మాటలతో పాటు జనం నోట విన్న మాటలనూ చేర్చాడు. ఇతర ద్రావిడ భాషల్లోని చుట్టపు మాటలకు బరో, ఎమెనో కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు ఉంది; వ్యుత్పత్తి అంటే మాట పుట్టుక. దాని రెండవ కూర్పు 1984లో వచ్చింది. ఉత్తరాది భాషలకు టర్నర్ 1966లో వెలువరించిన నిఘంటువును చూడాలి. ఈ మూడూ ఇప్పుడు అంతర్జాలంలో ఉచితంగా వెతికి చూసుకోవచ్చు.

పేర్లు ఒక ముప్పై పోగయ్యాక వాటిని కుప్పలు చేయండి. దేశాల వారీగా చేయకండి, ధ్వని వారీగా చేయండి. పటం చూసి ఇరుగుపొరుగు భాషల్లో పేర్లు ఒకేలా ఉంటాయనుకుంటే తప్పుదారి పడతాం. నారింజ విషయంలో ధ్వనిని బట్టి పేర్లు దాదాపు వాటంతట అవే మూడు కుప్పలుగా విడిపోతాయి.

మొదటి కుప్ప నారంగ కుటుంబం. సంస్కృతంలో నారంగ, హిందీలో నారంగీ, మరాఠీలో నారింగ, పారశీకంలో నారంగ్, నారెంజ్, అరబ్బీలో నారంజ్, ఆర్మేనియన్‌లో నారింజ్, హంగేరియన్‌లో నరాంచ్, స్పానిష్‌లో నరాంహ, పోర్చుగీసులో లరాంజ, ఇటాలియన్‌లో అరాంచా, ఫ్రెంచిలో ఒరాంజ్, ఇంగ్లీషులో ఆరెంజ్. రెండవ కుప్ప పోర్చుగల్ కుటుంబం. అరబ్బీలో బుర్తుకాల్, పారశీకంలో పొర్తెఖాల్, టర్కీ భాషలో పోర్తకాల్, గ్రీకులో పోర్తొకాలి, బల్గేరియన్‌లో పోర్తొకాల్, జార్జియన్‌లో పోర్తొఖలి, ఇథియోపియాలోని అమ్హారిక్‌లో బిర్తుకాన్. మూడవది చైనా కుటుంబం. డచ్చిలో సీనాస్‌ఆపెల్, జర్మన్‌లో ఆప్ఫెల్‌జీనె, స్వీడిష్‌లో అపెల్సీన్, రష్యన్‌లో అపెల్సిన్. వీటన్నిటికీ "చైనా ఆపిల్" అన్నదే అర్థం. ప్వెర్టో రికోలో స్పానిష్ మాట్లాడేవారు తీపి నారింజను ఉత్త "చీనా" అనేస్తారు. అనంతపురం పెద్దాయన అన్న చీనీకాయ ఈ కుప్పలోదే. కరీబియన్ సముద్రంలోని ఒక దీవికీ రాయలసీమకూ ఒకే ఆలోచన తట్టిందన్నమాట. ఒకరి దగ్గర ఇంకొకరు నేర్చుకున్నది కాదు. పండు చైనా నుంచి వచ్చిందన్న వార్త రెండు చోట్లకూ పాకింది.

ఈ మూడవ కుప్పలో "ఆపిల్" ఎందుకుందని తికమకపడవద్దు. ఐరోపా భాషల్లో కొత్తగా వచ్చిన గుండ్రని పండు దేనికైనా ఆపిల్ అన్న మాట తగిలించేవారు. మనం వంకాయ, టెంకాయ అంటూ కాయను తగిలించినట్టే వారికి అది అలవాటు. జర్మన్‌లో పుల్ల నారింజకు పొమెరాంత్సె అన్న పేరుంది. అందులో మొదటి సగం పండు, ఆపిల్ అన్న అర్థమిచ్చే పొమ, రెండవ సగం అరాంచ.

కుప్పలు చేసేటప్పుడు ఒక మోసగత్తెను గమనించాలి. స్పెయిన్‌లోని కాటలాన్ భాషలో నారింజను తరోంజ అంటారు. చెవికి అది నరాంహకు అక్కచెల్లెలిలా వినిపిస్తుంది, పైగా రెండూ పక్కపక్క భాషలు. కాని దాని మూలం వేరు: మాదీఫలాన్ని చెప్పే తురుంజ్ అన్న అరబ్బీ మాట నుంచి అది వచ్చింది. టర్కీ భాషలో పుల్ల నారింజను తురుంచ్ అనడం దానికి సాక్ష్యం. చివర ప్రాస కలిసిందని చుట్టరికం కలపకూడదు; మాటలో ప్రతి ధ్వనికీ లెక్క చెప్పగలగాలి.

ఆ లెక్క చెప్పడమే ఈ పనిలో అసలైన కష్టం, అసలైన ఆనందం కూడా. సూత్రం ఒకటే: ఒక మాటలో ఫలానా ధ్వని ఫలానాగా మారిందని అంటే, అదే మార్పు పొందిన ఇంకొక మాటను అదే భాషల మధ్య నుంచి చూపించాలి. చూపలేకపోతే అది ఊహే.

పారశీకంలో నారంగ్ అన్నది అరబ్బీలో నారంజ్ ఎలా అయింది? సాహిత్య అరబ్బీలో గకారం లేదు గనుక పారశీక మాటల్లోని గకారాన్ని వారు జకారంగా పలికారు. దీనికి సాక్ష్యం కోసం అరేబియా దాకా పోనక్కరలేదు, తెలుగులోనే ఉంది. పారశీకంలో గుల్ అంటే పువ్వు, ఆబ్ అంటే నీరు. గులాబ్ అంటే పన్నీరు. ఆ మాట నేరుగా మన దాకా వచ్చి గులాబీ అయింది. అదే మాట అరబ్బీలోకి వెళ్ళి జులాబ్ అయి, మందు కలిపిన తీపి పానీయమన్న అర్థం తెచ్చుకుని, యునానీ వైద్యుల వెంట తిరిగివచ్చి, మన పాత తెలుగులో విరేచనాల మందుకు జులాబుగా స్థిరపడింది. గులాబీ, జులాబు ఒకే తల్లి బిడ్డలు. ఒకటి తోటలో, ఒకటి మందుల పెట్టెలో ఉండిపోయాయి. ఈ జంటను చూపించాక నారంగ్, నారంజ్ జంటను ఒప్పుకోవడానికి ఎవరికీ ఇబ్బంది ఉండదు.

ఇప్పుడు నారింజ అన్న మన మాటను ఈ వెలుగులో చూడండి. తెలుగులో నారంగము అన్న మాటా ఉంది, నారింజ అన్న మాటా ఉంది. గకారం ఉన్న నారంగము సంస్కృతం నుంచి నేరుగా పుస్తకాల్లోకి వచ్చిన తత్సమం. వంటింట్లోనూ సంతలోనూ వినిపించే నారింజలో మాత్రం జకారం ఉంది, అది పారశీక, అరబ్బీ రూపానికి దగ్గర. మధ్యలోని ఇకారం కూడా మనకొక్కరికే ప్రత్యేకం కాదు. ఆర్మేనియన్ నారింజ్‌లోనూ, జార్జియన్‌లో పుల్ల నారింజను చెప్పే నారింజిలోనూ అది వినిపిస్తుంది, ఆ రెండూ పారశీకం పొరుగు భాషలే. కాబట్టి ఈ మాట ఇక్కడి నుంచి పడమరకు వెళ్ళి, వేషం మార్చుకుని, ముసల్మానుల పాలన కాలంలోనో వర్తకుల వెంటనో తిరిగి ఇంటికి వచ్చిందని నా అభిప్రాయం. మరాఠీ నారింగను చూసి, ఇకారం పక్కన గకారమే జకారంగా మెత్తబడిందని వాదించేవారూ ఉండవచ్చు. అందుకే నా నోటుపుస్తకంలో ఈ వాక్యం ముందు "బహుశా" అని రాసుకున్నాను. మీరూ ప్రతి వ్యుత్పత్తి పక్కన "నిశ్చయం", "బహుశా", "ఊహ" అన్న మూడింటిలో ఒకటి తప్పకుండా రాసుకోండి. ఆరు నెలల తరువాత తిరిగి చూసుకుంటే మన ఊహలే మనకు నిజాల్లా కనిపించే ప్రమాదం ఉంది.

నరాంహలో ఉన్న నకారం అరాంచాలో, ఒరాంజ్‌లో ఏమైందన్నది ఇంకొక ప్రశ్న. ఇంగ్లీషులో "ఎ నారెంజ్" అన్నది "ఆన్ ఆరెంజ్"గా విరిగిందని చాలామంది చెబుతారు. అలాంటి విరుపు ఇంగ్లీషులో లేకపోలేదు. వంటింట్లో కట్టుకునే ఏప్రన్ ఒకప్పుడు నాప్రన్, "ఎ నాప్రన్" అన్నది తప్పుగా విడిపోయి "ఆన్ ఏప్రన్" అయింది. కాని ఆరెంజ్ ఇంగ్లీషులోకి వచ్చేనాటికే నకారం పోగొట్టుకుంది. ఆ నష్టం అంతకుముందే ఇటాలియన్, ఫ్రెంచి భాషల్లో జరిగింది; అక్కడ "ఒక" అన్న అర్థంలో ముందు వచ్చే ఉన, యూన్ అన్న మాటల చివరి నకారం పండు పేరులోని నకారాన్ని తనలో కలుపుకుంది. పోర్చుగీసువారు నకారాన్ని పోగొట్టుకోలేదు గాని, ఒకే మాటలో రెండు నకారాలు పలకడం కష్టమై మొదటిదాన్ని లకారం చేశారు. మన భాషలో పేరుకు ముందు అలాంటి అతుకు ఏదీ లేదు కాబట్టి మన నారింజ నకారం చెక్కుచెదరలేదు.

ఫ్రెంచిలో మొదటి అక్షరం అకారం కాకుండా ఒకారం కావడానికి బంగారం కారణమంటారు. ఫ్రెంచిలో బంగారాన్ని ఓర్ అంటారు, లాటిన్‌లో ఔరుమ్. పసిడి రంగు పండును చూసిన కళ్ళు చెవిని ప్రభావితం చేశాయి. శాస్త్రనామంలోని ఆరాన్షియం అన్నది కూడా అలా బంగారు పూత పూసుకున్న నారంగమే. రంగు సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట: ఇంగ్లీషులో ఆరెంజ్ ముందు పండు పేరు, ఆ తరువాతే రంగు పేరు, రంగుగా వాడటం 16వ శతాబ్ది మొదట్లో గాని కనిపించదు.

పేరును ఇంకా వెనక్కు తోలితే సంస్కృతం దగ్గర ఆగుతాం. చాలామంది అక్కడే బండి దిగిపోతారు. దిగకండి. సంస్కృతంలో ఈ పండుకు నారంగ, నాగరంగ, నార్యంగ అని రకరకాల రూపాలున్నాయి. అమరకోశంలో ఉన్నది నాగరంగ. ఒక మాటకు ఒకే భాషలో ఇన్ని రూపాలు ఉండి, ఒకదానిలో నాగమూ ఇంకొకదానిలో నారీ కనిపిస్తున్నాయంటే, ఆ భాష మాట్లాడేవారికి ఆ మాట అర్థం కాక తలా ఒక విధంగా అర్థం చెప్పుకున్నారన్నమాట. సొంత మాటకు ఈ అవస్థ ఉండదు. వేదాల్లో ఈ మాట కనిపించకపోవడం కూడా ఇది ఎరవు తెచ్చుకున్నదేనన్న అనుమానాన్ని బలపరుస్తుంది.

ఎరవు ఎవరి దగ్గర? దక్షిణానికి చూస్తే తమిళంలో నారత్తై, మలయాళంలో చెట్టుకు నారకం, కాయకు నారంగా. మలయాళంలో మామిడికాయ మాంగా, కొబ్బరికాయ తేంగా. చివరి ఆ "ంగా" మన కాయే, ముందు మాటకు అతుక్కుని అరిగిపోయింది. తమిళంలో అవి మాంగాయ్, తేంగాయ్ అని ఇంకా పూర్తిగా వినిపిస్తాయి. మాంగాయే పోర్చుగీసు వారి నోట మాంగ అయి ఇంగ్లీషులో మాంగో అయిందని అందరికీ తెలుసు. ఆ వరుసలో నారకం కాయ నారంగా కావడం, నారంగా సంస్కృతంలో నారంగ కావడం అతికినట్టు ఉంటుంది. పండితుల్లో ఎక్కువమంది ఈ మాటను ద్రావిడమనే అంటారు.

అయితే ఆ "నార" అంటే ఏమిటి? తమిళంలో నాఱు అంటే వాసన వేయడం. పాతకాలంలో సువాసన, ఇప్పుడు దుర్వాసన. కాబట్టి నారంగా అంటే పరిమళించే కాయ అని ఎన్నో చోట్ల రాసి ఉంటుంది. వినడానికి ఎంతో బాగుంది. కాని అక్షరాలు చూడండి. నారత్తైలో ఉన్నది మామూలు రేఫ, నాఱులో ఉన్నది బండి ఱ. తమిళ మలయాళాలు ఈ రెండింటినీ ఈనాటికీ వేరుగా రాస్తాయి. మనం బండి ఱను వదిలేశాం గనుక మన కంటికి ఆ తేడా ఆనదు. ఇంత అందమైన అర్థాన్ని ఒక్క అక్షరం కోసం పక్కన పెట్టాలా అనిపిస్తుంది. పెట్టాలి. నేను దీని పక్కన "ఊహ" అని రాసుకున్నాను.

అందమైన కథల మీద అనుమానం ఉండాలనడానికి ఇంకా పెద్ద ఉదాహరణ ఉంది. నాగం అంటే ఏనుగు కదా, ఒక ఏనుగు అడవిలో ఈ పండ్లను మితిమీరి తిని పొట్ట పగిలి చచ్చిపోయిందట, చాలా కాలానికి ఒక బాటసారి దాని ఎముకల మధ్య మొలిచిన చెట్టును చూసి దానికి నాగరంగ అని పేరు పెట్టాడట. పేరు ముందు పుట్టి, దానికి సరిపడా కథ తరువాత పుట్టిందనడానికి ఇంతకంటే తేటైన గుర్తు ఉండదు. ఇలాంటి వాటిని లోకనిరుక్తి అంటారు. వీటిని పారేయకుండా వేరే పుటలో దాచండి. పేరు పుట్టుకకు అవి సాక్ష్యం కాకపోయినా, ఆ పేరు విన్నవారు ఏమనుకున్నారన్నదానికి సాక్ష్యమే.

లోకనిరుక్తి ఒక్కోసారి మాట రూపాన్నే మార్చేస్తుంది. మన పంపరపనస అలాంటిదే. ఆ పండుకు పనసతో ఏ చుట్టరికమూ లేదు. డచ్చివారు దాన్ని పొంపెల్‌మూస్ అన్నారు, ఫ్రెంచివారు పాంప్లెమూస్ అన్నారు, తమిళులు పంబళిమాసు అన్నారు. ఆ అర్థం కాని మాట తెలుగు చెవిన పడ్డప్పుడు, పండు పెద్దదే గనుక, చివరన పనస వినపడింది. మద్రాసులో ఉన్న ఇంగ్లీషువారు కూడా దాన్ని సరిగ్గా అనలేక పంపుల్‌నోస్ అన్నారు. వారికి ముక్కు వినపడింది, మనకు పనస వినపడింది.

పేరు ఒకటే అయినంత మాత్రాన మూలం ఒకటి కాదన్న జాగ్రత్త కూడా ఇక్కడే చెప్పాలి. ఫ్రాన్సులో ఒరాంజ్ అనే ఊరు ఉంది. నెదర్లాండ్స్ రాజవంశానికి ఆ పేరు ఆ ఊరి నుంచే వచ్చింది. ఆ ఊరు రోమన్ల కాలంలో అరౌసియో, పండుతో ఏ సంబంధమూ లేని పేరు. పండు పేరూ ఊరి పేరూ అరిగి అరిగి ఒకే రూపానికి వచ్చాక, ఆ రాజవంశం ఆ రంగును తనదిగా చేసుకుంది.

ఇక తేదీల పరీక్ష. ఏ వ్యుత్పత్తినైనా చరిత్ర ముందు నిలబెట్టాలి. అరబ్బులు పుల్ల నారింజను సిసిలీకీ స్పెయిన్‌కూ మధ్యయుగంలో చేర్చారు. అందుకే ఐరోపాలో నారంజ్ కుటుంబపు పేర్లు మొదట పుల్ల నారింజవి. తీపి నారింజ అక్కడికి 15వ శతాబ్ది చివర గాని అందలేదు. 1498లో వాస్కో డ గామా కాలికట్ చేరాక, తూర్పు దేశాల మేలైన తీపి రకాలను పోర్చుగీసువారు పేరుమోసేలా పంచిపెట్టారు, దానితో మధ్యధరా తీరమంతా ఆ పండు పోర్చుగల్ పండు అయింది. ఉత్తర ఐరోపాకు అదే పండు చైనా పండు. పోర్చుగీసు భాషలో మాత్రం పోర్చుగల్ కుటుంబపు పేరు లేకపోవడం చూడండి. ఎవరూ తమ పండుకు తమ దేశం పేరు పెట్టుకోరు. చైనాలోనూ అంతే, అక్కడ దాన్ని చెంగ్ అంటారు. దేశం పేరు ఎప్పుడూ అందుకున్నవాడు పెట్టేదే, ఇచ్చినవాడు పెట్టేది కాదు.

ఈ తేదీలను కుప్పల పక్కన పెట్టినప్పుడు నాకు ఒక వరుస కనిపించింది. గ్రీకులో పుల్ల నారింజ నెరాంజి, తీపిది పోర్తొకాలి. అరబ్బీలో పుల్లది నారంజ్, తీపిది బుర్తుకాల్. పారశీకంలోనూ అంతే. పాత పండు దగ్గర పాత పేరు ఉండిపోయింది, తీయని కొత్త పండు తెచ్చినవాడి పేరుతోనో ఊరి పేరుతోనో వచ్చి చేరింది. మరి తెలుగులో? కొన్నాళ్ళు ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. దానికి సమాధానం పుస్తకాల్లో కాదు, మా మేనత్త వంటింట్లో దొరికింది. నిమ్మకాయలు లేని రోజున ఆమె పెరట్లోని నారింజకాయ కోసి, గింజలు పడకుండా అరచేయి అడ్డం పెట్టి పులిహోరలోకి పిండుతూ ఉండేది. తొక్క నలిగి నూనె చిమ్మితే వంటిల్లంతా ఘాటుగా ఉండేది. "ఒక తొన తినవచ్చా అత్తయ్యా?" అంటే "అది నోట పెట్టుకునే కాయ కాదురా, బత్తాయి తెప్పిస్తాను ఆగు" అనేది. నారింజకాయ పులిహోర, నారింజకాయ పచ్చడి మన ఇళ్ళలో ఉన్నాయి. బత్తాయి పులిహోర ఎక్కడా లేదు. పుల్లనిదానికి పాత పేరు నారింజ, తియ్యనివాటికి బటావియా, చైనా, మొజాంబిక్. ఏథెన్సు బజారులో ఉన్న ఏర్పాటే మన పెరట్లోనూ ఉంది.

ఒక్క విషయం ఎప్పటికప్పుడు విడదీసుకోవాలి: పేరు పుట్టిన చోటు వేరు, పండు పుట్టిన చోటు వేరు. నిమ్మజాతి చెట్ల జన్యువులను చదివి 2018లో ప్రచురించిన పరిశోధన ప్రకారం ఈ జాతి తొలి నివాసం హిమాలయాల ఆగ్నేయ పాదభూములు, అంటే తూర్పు అస్సాం, ఉత్తర మయన్మార్, పశ్చిమ యున్నాన్ ప్రాంతం. పుల్ల నారింజ, తీపి నారింజ రెండూ పంపరపనసకూ కమలాకూ పుట్టిన సంకరాలే. పండు అక్కడిది, దాని పేరు దక్షిణాది నోట పుట్టినది. ద్రావిడ మాట కాబట్టి పండు కూడా దక్షిణాదిదేనని రాసినవారినీ, పండు ఈశాన్యానిది కాబట్టి మాట ద్రావిడం కాజాలదని వాదించినవారినీ చూశాను. రెండూ ఒకే పొరపాటు. వస్తువు ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి వెళ్ళేటప్పుడు, దాన్ని ఎక్కువ దూరం మోసినవారి మాటే దానికి అతుక్కుంటుంది.

ఇంత వెతికాక పుటను శుభ్రంగా తిరగరాసుకోండి. నా పుట దాదాపు ఇలా ఉంటుంది: నారింజ, పుల్ల రకం, కోస్తా ఇళ్ళలో పులిహోరకూ పచ్చడికీ వాడేది, రూపం పారశీక, అరబ్బీ నారంజ్ మీదుగా వచ్చినది, బహుశా, ఆ నారంజ్ పారశీక నారంగ్ నుంచి, నిశ్చయం, సాక్ష్యం గులాబీ, జులాబు, నారంగ్ సంస్కృత నారంగ నుంచి, నిశ్చయం, సంస్కృత రూపం ద్రావిడం నుంచి, బహుశా, సాక్ష్యం మలయాళ నారంగా, మాంగా వరుస, నార అంటే పరిమళం అన్నది ఊహ, ఱకారం అడ్డు. మొత్తం పదిహేను పంక్తులకు మించలేదు, రెండు నెలలు పట్టింది.

కొత్తగా మొదలుపెట్టేవారు నారింజతో కాకుండా అనాసతో మొదలుపెట్టడం మేలు. బ్రెజిల్ తీరపు టుపి భాషల్లోని ననాస్ పోర్చుగీసులో అననాస్ అయి, హిందీలో, అరబ్బీలో, రష్యన్‌లో, ఫ్రెంచిలో, తెలుగులో పెద్దగా మారకుండా నిలిచింది. ఇంగ్లీషు మాత్రం పైన్ చెట్టు కాయను గుర్తుచేసుకుని పైనాపిల్ అంటూ పక్కకు జరిగింది. తరువాత బొప్పాయి, ఆ పైన సపోటా తీసుకోండి. సపోటా మెక్సికోలోని నావాట్ల్ భాష నుంచి వచ్చిన మాట. సీతాఫలాన్ని మాత్రం చివరికి ఉంచండి. పండు అమెరికా ఖండానిది, పేరు చూస్తే అచ్చమైన సంస్కృత సమాసం, చుట్టూ అల్లుకున్న కథలేమో రామాయణం దాకా వెళతాయి. మొదటి వారంలోనే దాన్ని పట్టుకుంటే నోటుపుస్తకంలో సగం పుటలు లోకనిరుక్తితోనే నిండిపోతాయి.